ఎర్ర స్తంభం దగ్గర నిఖా

సాయంత్రపు నమాజు అయిపోగానే కైరవాన్ పెద్ద మసీదులో జనం ఎడమ వరసలోని ఎర్ర స్తంభం చుట్టూ చేరేవారు. కలాలు చెక్కుకునేవాళ్లు చెక్కుకునేవారు, దగ్గేవాళ్లు ముందే దగ్గేసుకునేవారు. షేక్ సహ్లూన్ బతికినంతకాలం ఆ స్తంభానికే వీపు ఆనించి ధర్మశాస్త్రం చెప్పాడు. ఆయన పోయాక స్తంభం చెబుతోంది. అదే బొంగురు గొంతు, "అర్థమైందా?" అంటూ అదే విసుగు. స్ఫాక్స్ నుంచీ గఫ్సా నుంచీ వచ్చిన విద్యార్థులు గబగబా రాసుకునేవారు. అప్పట్లో ఆయన అక్కడ అన్న మాటలే, ముందూ వెనకా లేకుండా, ఏ రోజు ఏది వస్తే అది. ఎవరేం అడిగినా పట్టించుకోదు.

"బతికున్నప్పుడు మాత్రం ఎవరి మాట విన్నాడు కనక!" అనేది పొరుగింటి ముసలి మబ్రూకా.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఉమామా వెనక ఆడవాళ్ల వరసలో కూర్చునేది. మొదట్లో నాన్న గొంతు వినడానికే వచ్చేది. ఈ ఏడు వేరే పని పడింది. తోళ్ల వ్యాపారానికి మహ్దియా వెళ్లొచ్చే ఆమె భర్త హమ్మూద్ అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడు.

"సామాను సర్దు. శుక్రవారం బయల్దేరాలి," అన్నాడు ఇంటికొచ్చి. "ఆవిడకు నెలలు నిండుతున్నాయి. నువ్వుంటే చేతికింద సాయంగా ఉంటుంది."

"నాన్న పెట్టిన షరతు?"

"ఏ షరతు?" అన్నాడు, రొట్టె తుంచుకుంటూ.

వాళ్ల నిఖా ఆ స్తంభం దగ్గరే జరిగింది. ఆమె మీద ఇంకో పెళ్లి చేసుకుంటే ఉమామా దారి ఉమామా చేతిలో ఉంటుందని, కావాలంటే విడిపోవచ్చని షేక్ నోటిమాటగా షరతు పెట్టాడు. సాక్షుల్లో ఒకాయన జ్వరంతో పోయాడు. రెండోవాడు హమ్మూద్ వ్యాపారంలో భాగస్తుడు. "వయసైపోయిందమ్మా, ఏదీ గుర్తుండి చావడం లేదు," అన్నాడు.

ఉమామా ఖాజీ మైసర్ దగ్గరికి వెళ్లింది. ఆయన షేక్ శిష్యుడే.

"ఇద్దరు సాక్షులు లేందే నేనేం చేయగలనమ్మా?"

"నాన్న రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు కదా. ఆ నిఖా మాట కూడా ఒకనాటికి వస్తుంది. మీరే వినండి."

ఖాజీ తల దించుకున్నాడు. "మనిషి కనబడకుండా గొంతు మాత్రం వినబడితే అది సాక్ష్యం కాదు. ఈ తీర్పు మీ నాన్నగారిదే. మొన్న మంగళవారం మళ్లీ చెప్పారు కూడా."

చెప్పారు. వెనక వరసలోంచి ఆమె కూడా విన్నది.

"కన్నకూతురివి. నువ్వే వెళ్లి అడగవే," అంది మబ్రూకా. మసీదు ఖాళీగా ఉన్న వేళ చూసి ఉమామా వెళ్లి స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"నాన్నా, వీడు నన్ను ఊరు దాటించేస్తున్నాడు."

"పిల్లి మూతిపెట్టిన నీళ్లతో కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజుకు వజూ చేసుకోవచ్చు," అంది స్తంభం. "అర్థమైందా?"

"అర్థమైంది నాన్నా," అంది ఉమామా. కళ్లు తుడుచుకుని ఇంటికెళ్లి దుప్పట్లు మూటగట్టింది.

శుక్రవారం ఒంటెల మీద సామాను ఎక్కించారు. ఉమామా ఆఖరిసారి విని వస్తానని వెళ్లి ఎంతకీ రాలేదు. హమ్మూద్ చెప్పులు చేత్తో పట్టుకుని మసీదులోకి వచ్చాడు.

"లే! ఎండ దిగిపోతోంది. ఇక్కడే కాపురం పెడతావా?"

వారసత్వపు వాటాల గురించి చెబుతున్న స్తంభం మధ్యలో ఆగింది. గొంతు సవరించుకుంది.

"హమ్మూద్, ఇలా ముందుకు జరుగు."

అతను చెప్పులు కింద పడేసి ముందుకు జరిగాడు. స్తంభం ముందు కూలబడ్డాడు.

"నా కూతురు ఉమామాను నీకిస్తున్నాను. దీని మీద ఇంకొకతెను చేసుకుంటే దీని దారి దీని చేతిలో ఉంటుంది. ఒప్పుకున్నావా?"

రాసే కలాలన్నీ ఆగిపోయాయి. స్తంభం జవాబు కోసం చూస్తోంది. హమ్మూద్ అటూ ఇటూ చూశాడు.

"ఏమయ్యా, అడుగుతుంటే?"

"ఒప్పుకున్నాను షేక్," అన్నాడు హమ్మూద్, కొత్త పెళ్లికొడుకు గొంతుతో.

ముందు వరసలోంచి ఖాజీ మైసర్ లేచాడు. "విన్నారుగా?"

"అది ఎప్పుడో అన్న మాట ఖాజీగారూ!"

"అన్నావన్నమాట," అన్నాడు ఖాజీ. "గొంతు సంగతి పక్కన పెట్టు. కళ్లెదుట కూర్చున్న నువ్వే ఒప్పుకున్నావు. ఇక సాక్షులతో పని లేదు. ఉమామా, ఏమంటావమ్మా?"

"నేను వెళ్లను. నా దారి నాది," అంది ఉమామా.

హమ్మూద్ చెప్పులు ఏరుకుని బయటికి నడిచాడు. అప్పుడు స్తంభంలోంచి ఒక ముసలాయన ముక్కు చీదుకున్న చప్పుడు వినబడింది. కూతురి పెళ్లినాడు షేక్ ఏడ్చాడని అందరికీ తెలుసు. కాసేపు వెక్కి, ఆ గొంతు ఆగిపోయింది. విద్యార్థులు కలాలు పట్టుకుని ఎదురుచూశారు. వారసత్వపు పాఠం మళ్లీ మొదలవలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఇంకెప్పుడూ కాలేదు.

ఉమామా ఆడవాళ్ల వరస దాటి, మగవాళ్ల మధ్యనుంచి నడిచి వెళ్లి రాతికి చెవి ఆనించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. రాయి చల్లగా ఉంది. బయట ఒంటెలు లేచి నిలబడుతున్న చప్పుడు మాత్రం వినబడింది.