గీసినవారి గడి

వదిన అంట్లు తోముతూ కూడా డ్రాయింగులో తప్పు పట్టగలదు. వంటింటి సింకు దగ్గర నిలబడితే తలుపులోంచి ముందు గదిలో నా కంప్యూటరు తెర సగం కనిపిస్తుంది. ఆ సగం చాలు ఆమెకి. "గోడ గీత సన్నబడింది, లేయరు మారిపోయినట్టుంది చూసుకో" అంటుంది, చేతిలో గిన్నె ఆపకుండా. చూస్తే నిజమే. మూరెడు దూరంలో కూర్చుని నేను చూడలేనిది ఆమె సబ్బు నురగలోంచి చూస్తుంది. అలాంటప్పుడు నాకు కృతజ్ఞత రావాలి. రాదు. కడుపులో ఏదో మండుతుంది.

నేను అన్నయ్య ఇంటికి వచ్చి ఏడాది అయింది. ముందు గదే అన్నయ్య ఆఫీసు, వెనక వంటిల్లు. ఇళ్ళకీ చిన్న భవనాలకీ ప్లాన్లు గీసి ఇస్తాడు. "బడి అయిపోయిందిగా పిచ్చుకా, వచ్చి డ్రాయింగు నేర్చుకో. వదినకి కూడా కాస్త సాయంగా ఉంటావు" అన్నాడు. ఆ మాటలో మొదటి సగమే విన్నాను నేను. రెండో సగం వచ్చాక తెలిసింది. ఊడవడం, తరగడం, ఆరేయడం, మడతపెట్టడం, అవన్నీ అయ్యాక మిగిలిన వేళలో నేర్చుకోవడం. వదినకీ అంతే. ఆమెకి మిగిలిన వేళలోనే ఆఫీసు మొత్తం నడుస్తోంది. అన్నయ్య బయట తిరిగి మనుషులతో మాట్లాడి వస్తాడు, ఆమె గీస్తుంది. ఇదంతా నా కళ్ళ ముందే ఉన్నా నాకు కనిపించినవి ఆమె చేతులే. ఎడమ చెయ్యి కీబోర్డు మీద దానంతటది నడుస్తుంది. నేను ఒక అక్షరం వెతుక్కునేలోపు ఆమె గదికి గోడలు లేపి తలుపు కూడా పెట్టేస్తుంది. కూరలు తరిగే చెక్క మీద ఎడమ చేతి వేళ్ళు ఆడిస్తూ రహస్యంగా సాధన చేశాను. ఒకసారి ఆమె చూసి, "వేలు తెగుతుంది" అంది. అంతే. మెచ్చుకోదు, తిట్టదు.

నా పుస్తకంలో ఆఖరి పేజీకి "వదిన తప్పులు" అని పేరు పెట్టుకున్నాను. ఏడాదిలో రెండే దొరికాయి. అందులో ఒకటి నాదని తర్వాత తేలింది. ఆ పేజీలో అన్నిటికంటే పైన, తప్పుల లెక్కలోకి రానిది ఇంకొకటి రాసుకున్నాను. నేను వచ్చిన రోజు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, తెర మీంచి తల తిప్పకుండా ఆమె అన్న మాట: "వచ్చావా, కూర్చో." ఎవరైనా చుట్టం ఇంటికొస్తే అలా అంటారా? ఆ ఒక్క మాటనీ ఏడాదిగా పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచులా నాలుకతో తడుముకుంటూనే ఉన్నాను.

పోయిన వారం అన్నయ్య గాల్లో తేలుతూ వచ్చాడు. మేం గీసిన ఆసుపత్రి ప్లాను ఒక పెద్ద ఇంజినీర్ల ఆఫీసు చేతికి వెళ్ళిందట. అక్కడి పెద్ద మేడమ్‌కి నచ్చిందట. ఆ ప్లాను గీసిన మనిషికి వాళ్ళ ఆఫీసులో వారానికి మూడు రోజులు కుర్చీ వేస్తామందట. "నేను వెళ్ళి కూర్చుంటాను, పని మూటగట్టి ఇంటికి తెస్తాను. మనకింక తిరుగులేదు" అన్నాడు. వదిన టీ గ్లాసు అతని ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. "కానీ ఆ మేడమ్ మహా పట్టింపు మనిషి. మొదటి నుంచి జరిగిన మార్పులన్నీ ప్రతి షీటు మీదా పట్టికలో కావాలట. మన ఫైళ్ళు చూస్తే నవ్విపోతుంది" అన్నాడు అన్నయ్య.

అది మాత్రం నిజం. మా ఫైళ్ళ పేర్లు ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్, ఇదే ఫైనల్, అన్నయ్య చెప్పిన ఫైనల్.

"టెంప్లేటు నువ్వు చెయ్యి పిచ్చుకా. వదినకి ఇంటిపని సరిపోతోంది" అన్నాడు. నా గుండె ఎగిరింది. మొదటిసారి పని నాకు వచ్చింది, ఆమెకి కాదు. టెంప్లేటు అంటే ముందే అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్న ఖాళీ షీటు. అంచులు, గీతల మందాలు, అక్షరాల ఎత్తులు, కింద కుడి మూల పేర్ల గళ్ళు, వాటి పైన మార్పుల పట్టిక. కొత్త డ్రాయింగు ఏది మొదలుపెట్టినా ఇవన్నీ వాటంతటవే వస్తాయి. "గీసినవారు అన్న గడిలో నా పేరు పెట్టి కదలకుండా చేసెయ్. ప్రతిసారీ కొట్టే బాధ ఉండదు. సరిచూసినవారు దగ్గర నీది పెట్టుకో, సరదాగా ఉంటుంది." వదిన పేరు ఎక్కడ అని నేను అడగలేదు. గుర్తు రాక కాదు. గుర్తొచ్చింది, సంతోషం వేసింది. ఇక్కడ అబద్ధం రాసి లాభం లేదు, చాలా సంతోషం వేసింది.

రెండు రోజులు కూర్చుని టెంప్లేటు చేశాను. ఇక ఆసుపత్రి ప్లానులో పాత మార్పులు పట్టికకి ఎక్కించాలి. ఎన్నో మార్పు, ఏ తేదీ, ఏం మార్చారు, ఎవరు మార్చారు. మార్చిన చోట చుట్టూ మబ్బు ఆకారంలో గీత గీసి, పక్కన చిన్న త్రిభుజంలో ఆ మార్పు అంకె వేయాలి. పద్ధతి తెలుసు, తేదీలే తెలియవు. అన్నయ్యని అడిగితే, "ఏదో ఒకటి వేసెయ్, ఎవరు చూస్తారు" అన్నాడు. వదినని అడగడానికి నాకు మనసొప్పలేదు. కానీ ఆమె వంటింట్లోంచి, "మేకుకి ఉన్నాయి చూడు" అంది.

వంటింటి మేకుకి ఈ ఏడాది క్యాలెండరు, దాని వెనకే పోయినేడాదిది. పాతది తీసి చూశాను. తేదీల గళ్ళలో పెన్సిలుతో చిన్న చిన్న త్రిభుజాలు. ఒక్కోదానిలో ఒక్కో అంకె, పక్కన పాల మనిషి రాలేదనీ, గ్యాసు వచ్చిందనీ. మూడు: "కిటికీలు ఉత్తరానికి. పంటి నొప్పి." నాలుగు: "వార్డు తలుపు బయటికి తెరుచుకోవాలి, మంచం పట్టదు." పద్నాలుగు వరకూ అన్నీ ఉన్నాయి. అన్నీ వదిన అక్షరాలే. ఆరో త్రిభుజం ఉన్న తేదీ చూసి నా చెయ్యి ఆగింది. నేను పెట్టె పట్టుకుని వచ్చిన రోజు. ఆ చిన్న గడిలో చీమల బారులా రాసి ఉంది: "మెట్లు మొత్తం మళ్ళీ. దూలం తలకి తగులుతుంది. సాయంత్రంలోగా ఇవ్వాలి. పిచ్చుక వస్తుంది. పరుపు ఎండలో వెయ్యాలి."

ఆ రోజు పరుపు వెచ్చగా ఉండటం నాకు గుర్తే. ఎండ వాసన కూడా. అమ్మ గుర్తొచ్చి, దాంట్లో ముఖం పెట్టి ఏడ్చాను. ఆ పరుపు ఎవరు ఎండబెట్టారని ఒక్కసారీ అనుకోలేదు. ఆ మెట్ల సంగతీ తెలుసు. దూలం తగులుతుందని తనే కనిపెట్టినట్టు అన్నయ్య ఎంతమందికి చెప్పాడో.

"వదినా, ఇవన్నీ నువ్వు చేసినవే. నీ పేరు వెయ్యమని ఎప్పుడూ అడగలేదా?"

"అడిగాను, పెళ్ళయిన కొత్తలో." పిండి కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "మనిద్దరిలో ఎవరి పేరుంటే ఏంటి అన్నారు మీ అన్నయ్య. ఎవరిదైనా ఒకటే అయితే నాదే పెట్టండి అన్నాను. గట్టిగా నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆ నవ్వడమే నేను చేసిన తప్పు."

నా పుస్తకంలో లేని తప్పు అది.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా వెనక నిలబడింది. తెర మీద నా టెంప్లేటు. గీసినవారు దగ్గర అన్నయ్య పేరు, సరిచూసినవారు దగ్గర నాది. నా చెవులు వేడెక్కాయి. ఆమె ఆ రెండు గళ్ళనీ చదివింది. తర్వాత నా పేరు మీద వేలు పెట్టి, "అక్షరం ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు చెయ్యి. ఇంత చిన్నగా ఉంటే ప్రింటులో నీ పేరు కనపడదు" అంది. అని, పిండి ఎండిపోతుందని వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది. ఏ పేరూ లేని మనిషి నా పేరు కనపడాలని చూస్తోంది. అప్పుడు కూడా నాకు కలిగింది అసూయే. నేను ఎప్పటికైనా ఆమె అంత వేగంగా గీయగలనేమో కానీ, ఆ మాట మాత్రం అనలేనేమో అని.

పొద్దున అన్నయ్య, "పది గంటలకల్లా మేడమ్‌కి పంపెయ్" అని చెప్పి బయటికి వెళ్ళాడు. నేను సరిచూసినవారు గడిలోంచి నా పేరు తీసేశాను. నేనేమీ సరిచూడలేదు. గీసినవారు దగ్గర వదిన పూర్తి పేరు. పట్టికలో ఒకటి నుంచి పద్నాలుగు దాకా ఆమె పొడి అక్షరాలు, క్యాలెండరు తేదీలు. తర్వాత టెంప్లేటు తెరిచి, కదలకుండా బిగించిన అన్నయ్య పేరు తీసేసి గడి ఖాళీగా ఉంచాను. చివరికి ప్లాను పట్టికలో ఇంకో వరస చేర్చాను. పంపే బొత్తాం నొక్కాను.

మధ్యాహ్నం అన్నయ్య ఫోను చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు.

"ఆ మేడమ్ ఫోను చేసింది. మెట్ల మార్పు చేసినావిడని సోమవారం రమ్మంటోంది. ఆవిడ ఎవరండీ అని నన్నే అడుగుతోంది! ఎవరు మార్చారే ఆ పేరు?"

వంటింట్లో కుళాయి ఆగింది. మామూలుగా అయితే నేను నేల చూస్తాను. ఈసారి తెర అతని వైపు తిప్పాను. పేరు చుట్టూ మబ్బు, పక్కన త్రిభుజం. పట్టికలో పదిహేనో వరస: "గీసినవారి పేరు సరిచేయడమైనది." దాని ఎదురుగా రెండున్నర ఎత్తులో నా పొడి అక్షరాలు.

"అక్కడ రాసే ఉంది అన్నయ్యా."

వదిన తడి చేతులతోనే వచ్చింది. చాలాసేపు చూసింది, తన పేరుని. "మబ్బు వంపులు మరీ పెద్దవయ్యాయి" అంది. ఏడాదిలో మొదటిసారి ఆ మాటకి కడుపు మండలేదు. కొంచెమే మండింది.

అన్నయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం ఎవరి మీద పెట్టాలో తేలక కుర్చీలో కూలబడ్డాడు. "బాగానే ఉంది. మరి మీ వదిన మూడు రోజులు అక్కడికి వెళ్ళిపోతే ఇక్కడ వంట ఎవరు చేస్తారు?"

"ఆ గడి ఖాళీగానే ఉంచాను అన్నయ్యా" అన్నాను. "ఎవరు చేస్తే వాళ్ళ పేరు రాసుకోవచ్చు."