తొలి ఊపిరి

ట్రంపెట్ అంచున చెక్కిన పేరు చదువుతారు సరే, ఆ రేకు మీద సుత్తి పట్టిన చెయ్యి ఎవరిదని ఎప్పుడైనా అడిగారా?

లండన్‌లో స్ట్రాండ్ వీధి వెనక సందులో పెల్లో వారి కొట్టు. పొద్దున ఆరింటికే థామసిన్ కొలిమి రాజేసేది. ఇత్తడి రేకు అంచుల్ని పళ్ళుపళ్ళుగా కత్తిరించి, ఒకదాన్లో ఒకటి ఇరికించి అతికి, గరాటులా సాగేదాకా కొట్టేది. గొట్టం నొక్కుపడకుండా సీసం కరిగించి పోసి వంచేది. స్వరం మార్చడానికి లాగిన జారుగొట్టం తిరిగి తన చోటికి రావడానికి గడియారం స్ప్రింగు బిగించేది. పదకొండేళ్ళుగా ఇదే పని. అంచున చెక్కేది మాత్రం మేస్త్రీ ఒబదయా క్రిచ్ పేరు.

కొత్త ట్రంపెట్ తొలి ఊపిరికి, తనను చేసినవాళ్ళు పని మధ్యలో అన్న మాటేదో వాళ్ళ గొంతుతోనే అనేసేది. ఆ ఊళ్ళో ట్రంపెట్లన్నీ అంతే. అందుకే ప్రతి కొట్లోనూ తొలి ఊపిరి వెనకగదిలో, తలుపేసుకుని ఊదేవారు. దొరల ముందు బూతులు రాకూడదు కదా. ఇక్కడ ఆ పని ఒబదయాది.

యజమాని పోయాడు. పిల్లల్లేని పెల్లో దొరసాని ఒకటే మాట చెప్పింది: "నాటకశాలవాళ్ళు చేయించుకున్న ఈ కొత్త ట్రంపెట్ ఎవరు చేశారో వాళ్ళదే ఈ కొట్టు."

"చేసింది నేనే దొరసానీ," అంది థామసిన్.

ఒబదయా నవ్వాడు. "అంచు మీద ఏముందో చదవండమ్మా."

దొరసాని చదివింది. "శనివారానికి నీ సామాను సర్దుకో థామసిన్."

ఆ సంబరంలో ఒబదయా రెండు చెంబుల బీరు ఎక్కువే తాగాడు. నాటకశాల మనిషి రాగానే ట్రంపెట్ చేతిలో పెట్టేశాడు. వెనకగది సంగతే మరిచాడు.

మధ్యాహ్నం రిహార్సల్. ముందు వరసలో దొరసాని, పక్కన ఒబదయా. కొట్టు పనిముట్లు అప్పగించినట్టు దొరసాని కాగితం మీద గుర్తు పెట్టడానికి వచ్చిన థామసిన్ తలుపు దగ్గర నిలబడింది. వాద్యగాడు లాంబర్ట్ స్నెల్ ట్రంపెట్ పెదవులకి ఆనించి ఊదాడు.

"ఏం మేస్త్రీగారూ, పొద్దున్నే తాగొచ్చి అతుకు పగలగొట్టారా?" అంది ట్రంపెట్, థామసిన్ గొంతుతో. "ఇటివ్వండి సుత్తి. మొదట్నుంచీ మళ్ళీ నేనే చేస్తా."

ఫిడేళ్ళవాళ్ళు కాగితాలు తిప్పుకుంటున్నారు. "అతుకు బాగా కుదిరింది," అని స్నెల్ శ్రుతి చూసుకున్నాడు.

దొరసాని సంచీలోంచి కొట్టు తాళంచెవి తీసి, ఒబదయాని దాటుకుంటూ తలుపు దగ్గరికి నడిచింది.

ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు అంచు చదివి ఊరుకోకండి. లేచి నిలబడి, తొలి ఊపిరి మా ముందే ఊదమని అడగండి.