గొంతుకు సరిపడే ల్యాప్‌టాప్

సోమవారం పొద్దున సామ్రాజ్యం మొగుడి గొంతు ఆయన్ను వదిలేసి బీరువా మీదికెక్కి కూర్చుంది. అప్పటినుంచీ అక్కడే ఉంటోంది. అన్నం వేళకు మాత్రం దిగి, ఇల్లంతా ఓసారి తిరిగి, దగ్గి, మళ్ళీ ఎక్కుతోంది.

మొగుడి పేరు వీరరాఘవులు. రేపల్లెలో ఇంటి ముందు గదిలోనే వాళ్ళ టైలరింగు. ఆయన కొలతలు చదివి బట్ట కత్తిరిస్తాడు, ఆవిడ కుడుతుంది. గొంతు పోయినందుకు ఆయనకు పెద్ద దిగులేమీ ఉన్నట్టు లేదు. దిగులంతా ఆవిడదే. ముప్పయ్యేళ్ళుగా మిషను చప్పుడుకు పైన వినపడిన గొంతు అది. అది లేని ఇంట్లో ఆవిడకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

డాక్టరు వచ్చి, స్టూలెక్కి, గొంతును పరీక్షిస్తాడు.

"ఇది బయట మూడు రోజులకు మించి నిలవదమ్మా. ఆనక ఉండమన్నా ఉండదు. ఇంట్లో వాడుకునే మామూలు ల్యాప్‌టాప్ ఒకటి కొనండి, అందులో కుదురుకుంటుంది. ఖరీదైనవి మాత్రం వద్దు. వాటిలో గొంతులు ఊరికే గొప్పలకు పోతాయి."

ఇవాళ మూడో రోజు. సామ్రాజ్యం గొంతును జాకెట్ల సంచిలో పెట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని, షాపుకు వస్తుంది.

ఖరీదైన ల్యాప్‌టాపులు పై అంతస్తులో ఉన్నాయి. ఆ అంతస్తు శుక్రవారం తప్ప కిందికి దిగదు. అందుబాటు ధరవన్నీ కింద, తడి గోనెపట్టా మీద, తోటకూర కట్టల్లా పరిచి ఉన్నాయి. వాడిపోకుండా వాటిమీద రోహిణి అనే అమ్మాయి నీళ్ళు చిలకరిస్తోంది. అమ్మేది ఆ అమ్మాయే.

"ఆఫీసుకా ఆంటీ, ఇంటికా?"

"ఇంటికేనమ్మా."

"ఎంతమంది వాడతారు?"

"ఇద్దరమే. ముప్పయ్యేళ్ళ నుంచీ ఇద్దరమే."

"ఆది తెచ్చారా మరి?"

సామ్రాజ్యం నాలుక కరుచుకుంటుంది. కొలతకని పాత జాకెట్టు ఇస్తారే, ఆ ఆది తేకుండా వచ్చినవాళ్ళను గుమ్మంలోంచే వెనక్కి పంపిన మనిషి ఆవిడ. "ఆది లేకుండా కుడితే నా పూచీ కాదు" అని ఎంతమంది మీద విసుక్కుందో లెక్కలేదు. అలాంటిది ఇప్పుడు తనే చేతులూపుకుంటూ వచ్చింది. సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

"దేని ఆదమ్మా?"

"ఇంటిదే. ఇంటి వాడకం అన్నారుగా ఆంటీ. ఒక్క గది చాలు. గొంతు ఎక్కువగా మసలిన గది."

నేను తెస్తానని వీరరాఘవులు సైగ చేసి బయల్దేరతాడు. ఏ గది తెస్తాడో ఆవిడకు తెలుసు. ముందు గదే. కత్తిరింపు బల్ల, మిషను, మేకుకు వేలాడే టేపు. ఆయన గొంతు బతికిందంతా అక్కడే కదా.

ఈలోగా ఆవిడ చేతులు ఊరుకోవు. ఒక్కో ల్యాప్‌టాప్ ఎత్తి బరువు చూస్తుంది. అంచు తిప్పి కుట్టు చూస్తుంది. తడి వేలితో కీబోర్డు రుద్ది రంగు దిగుతుందేమో చూస్తుంది.

"ఉతికితే ఏమీ కాదు కదా?"

"మొదటి ఉతుక్కి కాస్త పొట్టవుద్ది ఆంటీ. తర్వాత కాదు."

సంచిలో గొంతు దగ్గుతుంది. పొద్దుటికన్నా సన్నగా దగ్గుతోంది. ఆవిడ సంచిమీద చెయ్యి వేసి నిమురుతుంది.

"మీరే వచ్చేస్తున్నారు. కాస్త ఓపిక పట్టండి."

వీరరాఘవులు గదిని నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకుని వస్తాడు. షాపు మధ్యలో దులిపి పరుస్తాడు. అది ముందు గది కాదు, వంటిల్లు. అదీ సాయంత్రం నాలుగింటప్పటి వంటిల్లు. స్టవ్ మీద టీ మరుగుతోంది. గుమ్మం చెక్క ఒకచోట, ఆయన భుజం ఎత్తున, ఆనుకుని ఆనుకుని నున్నబడి ఉంది.

సామ్రాజ్యం ఆ నున్నటి చోటు వంక చూస్తుంది. గ్లాసు పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడి ఆయన చెప్పినదంతా పనికిమాలిన సోది అనే ఆవిడ అనుకుంది. "అడ్డం లేవండి" అనడమే తప్ప ఒక్కనాడూ చివరిదాకా విన్నది లేదు. కొలతలు చదివే గొంతే అసలు గొంతనుకుంది.

"ఇక్కడా మీరు ఎక్కువ మాట్లాడింది?"

ఆయన తలూపుతాడు.

రోహిణి మొదటి ల్యాప్‌టాప్‌ను వంటింటి మీద పరుస్తుంది. సన్నగా, తేలిగ్గా, ముచ్చటగా ఉంది. గొంతును అందులోకి వదులుతారు.

"నమస్కారం. తేనీరు సిద్ధముగా ఉన్నదా?" అంటుంది గొంతు.

"చంకల్లో పట్టేసింది" అంటుంది సామ్రాజ్యం. "తీసెయ్యి తల్లీ."

రెండోది బాగా వెడల్పు. గొంతు లోపలికి వెళ్ళి ఎంతకూ తేలదు. లోపల వాన పడుతోంది. చాలా దూరంనుంచి "ఎక్కడున్నావే?" అని వినపడుతుంది. సామ్రాజ్యం భుజందాకా చెయ్యి పెట్టి తడుముతుంది. దొరికిన గొంతును బయటికి లాగి పైటచెంగుతో తుడుస్తుంది. అదిప్పుడు దారప్పోగంత ఉంది.

"ఇంకొకటి ఉందాంటీ. కానీ దాని చార్జింగు నాలుగ్గంటలే. రోజుకి అంతసేపే మాట్లాడతారు. వారం ఆగితే మంచి సరుకు వచ్చుద్ది."

"వారం ఎక్కడిదమ్మా మాకు? పరిచెయ్యి, చూద్దాం."

మూడోది బూడిదరంగుది. మూత కాస్త బిగువు. వంటింటి మీద వేయగానే గుమ్మానికి గుమ్మం, గోడకు గోడ సరిగ్గా కూర్చుంటుంది. గొంతు లోపలికి దిగుతుంది. దగ్గుతుంది. ఆనుకోవడానికి చోటు చూసుకుంటుంది.

"అల్లం వేశావా? మా మేనత్త ఉండేది చూశావూ, ఆవిడ ఓసారి అల్లమనుకుని ఏం దంచిందంటే..."

"ఇదే" అంటుంది సామ్రాజ్యం. కళ్ళనీళ్ళు తుడుచుకోదు. "ఇదే ఇచ్చెయ్యి."

"నాలుగ్గంటలు సరిపోద్దా ఆంటీ?"

"చాలమ్మా. ఇన్నేళ్ళూ నాలుగు నిమిషాలన్నా విన్న పాపాన పోలేదు నేను."

షాపు మధ్యలో, వాళ్ళ వంటింట్లోనే, ఇద్దరూ పీటలు వాల్చుకుని కూర్చుంటారు. ల్యాప్‌టాప్ ఆవిడ ఒళ్ళో ఉంది. మేనత్త కథ సాగుతోంది. తర్వాతేమైందని అడగబోయి ఆవిడ నోరు తెరుస్తుంది. అదే అదనుగా ఆవిడ గొంతు కూడా మెల్లిగా దిగి, కీల సందులోంచి లోపలికి వెళ్ళిపోతుంది. ఆవిడకేమీ భయం వేయదు. చెప్పాలంటే హాయిగా ఉంటుంది.

"తర్వాతేమైందండీ?" అని లోపలినుంచి వినపడుతుంది.

ఆయన గొంతు చెబుతుంది. రెండు గొంతులూ పడీపడీ నవ్వుతాయి. కాసేపటికి గుసగుసలకు దిగుతాయి. రోహిణి మొహమాటపడి అటు తిరిగి నీళ్ళు చిలకరించుకుంటుంది. బయట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా టీ తాగుతారు.

తర్వాత లోపల సద్దుమణుగుతుంది. ల్యాప్‌టాప్ వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం ఆవిడ యాభై నాలుగేళ్ళ పొట్టకు తగులుతోంది. కీబోర్డు మధ్యలో ఒక కీ దానంతటదే ఉబ్బి, మళ్ళీ సర్దుకుంటుంది. ఇంకాసేపటికి దాని పక్కది. ఎవరో లోపలినుంచి చిట్టి మడమతో తంతున్నారు.

సామ్రాజ్యం గ్లాసు కింద పెడుతుంది. వీరరాఘవులు చెయ్యి అందుకుని, అరచేతిని విప్పి, కీల మీద ఆనిస్తుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఇంకో తన్ను కోసం చూస్తుంటారు.