వారానికి ఒక్క రాత్రి

మా తమ్ముడు నెవిల్ ఇంగ్లండులోని సండర్లాండ్‌లో ఒక బేకరీలో పనిచేస్తాడు. రాత్రంతా పొయ్యి దగ్గరే, తెల్లారాక ఇల్లు. మధ్యాహ్నం మూడింటికల్లా కూతురు ఐవీ కోసం బడి గేటు దగ్గర నిలబడతాడు. తినడానికి ఏదో పెట్టి, హోంవర్కు చేయించి, ఏడింటికి వాళ్లమ్మ లోర్నాకి అప్పగిస్తాడు. భార్యాభర్తలు విడిపోయి నాలుగేళ్లయినా ఈ పని మాత్రం ఒక్క రోజు తప్పలేదు.

ఐవీ పోషణకని నెవిల్ లోర్నాకి కట్టాల్సిన భరణం లెక్కగట్టే ఆఫీసుకి పగళ్లు కనపడవు. పిల్ల తండ్రి దగ్గర ఏడాదికి యాభై రెండు రాత్రులు పడుకుంటేనే భరణం తగ్గిస్తారు. తగ్గించకపోతే వీడు అద్దె కట్టలేక లోర్నా పక్కవీధిలోని ఇల్లు వదిలి ఊరవతలికి పోవాలి. అప్పుడు మూడింటికి బడి దగ్గర ఎవరుంటారు? నాకు ఒళ్లు మండింది. మానవ హక్కుల చట్టంలో కుటుంబ జీవితం గురించిన పేజీ ప్రింటు తీసి, వాడి చేత అప్పీలు వేయించాను.

విచారణలో జడ్జి ఒక పెద్దావిడ. నేను రాసిచ్చిందంతా వాడు తడబడుతూ చదువుతుంటే ఓపిగ్గా విన్నది.

"కుటుంబ జీవితం మీ హక్కే, నెవిల్ గారూ. కానీ భరణం మీ పాప హక్కు. రూలు రాత్రులే లెక్కపెట్టమంటోంది, దాన్ని మార్చే అధికారం నాకు లేదు. అవునూ, శనివారం రాత్రి మీకు సెలవే కదా? పాపని ఎందుకు ఉంచుకోరు?"

నెవిల్ తల దించుకున్నాడు. "అడిగితే లోర్నా నేను పిల్లని లాక్కుంటున్నాననుకుంటుందేమోనని అడగలేదండీ."

ఎదుటి కుర్చీలోంచి లోర్నా దిగ్గున లేచింది. "ఓరి పిచ్చోడా! వారానికి నువ్వు నిద్రపోయేది ఆ ఒక్క రాత్రే. అదీ పాడుచేయడమెందుకని నేనే పంపలేదు!"

నాలుగేళ్లు! ఇద్దరికీ చెరో మొట్టికాయ వేద్దామనిపించింది. తీరా చూస్తే నా కళ్లలోనే నీళ్లు.

అప్పీలు ఓడిపోయాం. కానీ బయట మెట్ల మీదే వాళ్లు శనివారాలు ఖాయం చేసుకున్నారు. ఇక తనకొచ్చే భరణం తగ్గుతుందని లోర్నాకి తెలుసు, తెలిసే ఒప్పుకుంది. ఐవీ మంచం బేకరీ వ్యానులో నెవిల్ ఇంటికి చేరింది.

మొదటి ఆదివారం పొద్దున పదింటికి వెళ్లి తలుపు కొట్టాను. ఐవీ ఓరగా తెరిచి, పెదాల మీద వేలు పెట్టింది.

"హుష్, అత్తా! గట్టిగా మాట్లాడకు. నాన్న ఇంకా పడుకునే ఉన్నాడు. నేను కాపలా ఉన్నా."