రెండంగుళాలు ఎక్కువైన షాఫ్టు

ఆదివారం పొద్దున పదింటికి పాత ఇనుము బండి వస్తుందని మాస్టారి భార్య బుధవారం భోజనాల దగ్గర ప్రకటించింది.

"ఆలోగా మీ కారు తన కాళ్ళ మీద తాను గేటు దాటిందా, సరే. లేదా, ఇనుమే," అంది. "వరండాలో మూడు కుట్టుమిషన్లు. చినుకు పడితే గుడ్డలన్నీ ఎత్తుకుని వంటింట్లోకి పరిగెడుతున్నాం. అది మాత్రం షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుంది."

మాస్టారు ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నారు. ఆయన సర్వీసు కంటే ఆ కారు వయసు పదేళ్ళు ఎక్కువ. ఆయన ఇంకా కదులుతున్నారు, అదొక్కటే తేడా.

కొన్న వారానికే కారు గేర్‌బాక్సు పోయింది. అలాంటిది ఎక్కడా దొరక్క, రెండేళ్ళు పాత సామాన్ల కొట్లన్నీ చెప్పులరిగేలా తిరిగి, ఆఖరికి తర్వాతి మోడల్‌ది తెచ్చి మెకానిక్ చేత బిగించారు. అది పాతదానికంటే జానెడు పొడుగు. దాంతో గేర్‌బాక్సు తిప్పుడుని వెనక చక్రాలకి మోసుకెళ్ళే షాఫ్టు ఇక ఇమడదు. సరైన కొలతకి కొత్త షాఫ్టు చేయిస్తే బండి కదులుతుంది. అంతే మిగిలింది.

సెలవులు కాబట్టి ఆ మధ్యాహ్నమే మాస్టారు భార్య కుట్టుపెట్టెలోంచి టేపు తీసుకుని కారు కిందకి దూరారు. ఒక కొస గేర్‌బాక్సు దగ్గర పట్టి, రెండో కొస వెనక్కి లాగి, కళ్ళద్దాలు సర్దుకుని చదివారు. యాభై రెండంగుళాలు. మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ యాభై రెండే. కాగితం మీద ఆ అంకె రాసి, కింద సంతకం కూడా పెట్టి లేతు షాపులో ఇచ్చారు.

ఆ తర్వాత ఇంట్లో కాలు నిలవలేదు. కాలుకాలిన పిల్లిలా షెడ్డుకీ లేతు షాపుకీ తిరిగారు.

"మాస్టారూ, మీరు నిలబడి చూస్తే ఇనుము తొందరగా తెగదు," అన్నాడు లేతాయన. "ఇంటికెళ్ళండి."

వెళ్ళారు. అరగంటలో మళ్ళీ వచ్చారు.

శుక్రవారం సాయంత్రం షాఫ్టు ఇంటికొచ్చింది. కారు కింద పెట్టి చూస్తే పట్టలేదు. రెండంగుళాలు ఎక్కువ. మాస్టారు ఇంట్లోకి పరిగెత్తారు. టేపు తెచ్చి షాఫ్టుని కొలిచారు. యాభై నాలుగు! తప్పు తనది కాదని తేలగానే కారు నడిచినంత ఆనందపడ్డారు. రాత్రంతా తిట్లు తయారుచేసుకుని, శనివారం షట్టరు ఎత్తుతుండగానే షాఫ్టుతో సహా షాపులో ఉన్నారు.

"యాభై రెండు చెయ్యమంటే యాభై నాలుగు చేస్తావా?"

లేతాయన షాఫ్టు మీద తన టేపు పరిచాడు. యాభై రెండు.

"నీ టేపు తప్పు," అన్నారు మాస్టారు.

"ఇది స్టీలు టేపు మాస్టారూ. ఎండకి సాగదు, మొహమాటానికీ సాగదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ సంగతి."

"సరే, వాదన వద్దు. రెండంగుళాలు కోసెయ్. రేపు పదింటికి ఇనుము బండి వస్తోంది!"

"కోస్తా. కానీ తప్పెవరిదో తేలాక. నాకున్నది కొలతకి మంచి పేరొక్కటే. మీ టేపు పట్రండి."

మాస్టారు ఇంటికి పరుగులాంటి నడక నడిచారు. టేపు భార్య మెడలో ఉంది.

"ఈ టేపు సరైనదేనా?"

"బంగారం లాంటిది. రెండు తీసేసి లెక్కపెట్టుకోవాలి, అంతే."

"రెండా?"

"కొస పీచులు లేస్తే పోయినేడు కత్తిరించేశా. రెండంగుళాల కోసం నిక్షేపం లాంటి టేపు పారేస్తామా? ఇత్తడి బిళ్ళ మళ్ళీ బిగించా."

"మాకూ తెలుసండీ," అన్నారు మిషన్ల మీద కుట్టే ముగ్గురమ్మాయిలూ ఒకేసారి.

"నాకెవరూ చెప్పలేదే!"

"మీరు దాంతో కారు కొలుస్తున్నారని నాకెవరైనా చెప్పారా?"

మాస్టారు టేపు కొస కళ్ళదగ్గర పెట్టుకున్నారు. బిళ్ళ తర్వాత కనిపించిన మొదటి అంకె మూడు. పరికరం సున్నా దగ్గర మొదలవుతుందో లేదో చూడటం ఆయన ప్రాక్టికల్ క్లాసులో మొదటి పాఠం. శూన్యాంశ దోషం రాయని వాడికి ఎవరైనా సరే రెండు మార్కులు కోత.

ఆ 'ఎవరైనా'లో ఒకడు, ఒకప్పుడు ఆయన క్లాసులోనే చదివిన లేతాయన. అది ఇద్దరికీ గుర్తే.

మాస్టారు వీధి చివరదాకా వెళ్ళి వెనక్కొచ్చారు. షెడ్డులో దుప్పటి ఎత్తి చూసి, మళ్ళీ బయల్దేరారు. టేపు లేతు మీద పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

లేతాయన కొస చూశాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ముప్పై అయిదు వస్తే పాసు. నాకు ముప్పై మూడు," అన్నాడు. "ఆ రెండూ వేసి పంపమని మా అమ్మ మీ ఇంటికి కూడా వచ్చింది."

"నియమం అందరికీ ఒకటే కదరా..."

"అందరికీనా మాస్టారూ?"

సెలవుల్లో కూడా మాస్టారి జేబులో ఎర్ర పెన్ను ఉంటుంది. యాభై రెండు అని తాను రాసిచ్చిన కాగితం తీసుకుని, ఆ అంకె కొట్టేసి యాభై వేశారు. పక్కన 'శూన్యాంశ దోషం రెండు. తప్పు నాదే' అని రాశారు. కింద '33+2=35, పాసు' అని రాసి మళ్ళీ సంతకం పెట్టారు. లేతాయన దాన్ని గోడకి అంటించి, రెండడుగులు వెనక్కేసి చూసుకుని, అప్పుడు రంపం పట్టాడు.

ఆదివారం పదింటికి ఇనుము బండి వచ్చింది. అయిదు నిమిషాల ముందే కారు దగ్గి, ఉలిక్కిపడి, గేటు దాటింది. మాస్టారు హారన్ కొట్టుకుంటూ పేట చుట్టూ మూడు చుట్లు తిరిగారు. లేతు షాపు మూసి ఉన్నా, దాని ముందు రెండుసార్లు ఎక్కువ కొట్టారు.

తిరిగొచ్చేసరికి షెడ్డులో మూడు కుట్టుమిషన్లు ఉన్నాయి. ఇనుము బండివాడు పాత షాఫ్టు భుజాన వేసుకుని వెళ్తున్నాడు.

"ఇదేమిటి?" అన్నారు మాస్టారు.

"గేటు దాటాలన్నాను, దాటింది," అంది భార్య కిటికీకి టేపు పట్టి. "మళ్ళీ లోపలికి రావాలని నేనన్నానా? తెరకి కొలత చెబుతా, రాసుకోండి. నలభై ఆరు."

మాస్టారు స్టీరింగు పట్టుకునే ఉన్నారు.

"రెండు తీసేశావా?" అన్నారు.