కనకయ్య సద్ది కారియర్

మూడు గిన్నెల స్టీలు కారియర్‌ని నేను. కార్ఖానాలో రేకును గుండ్రంగా కోసి, అచ్చు కింద పెట్టి నన్ను గిన్నెలుగా వంచారు. దుకాణంలో నన్ను కొన్న బాలమణి మూత మీద చుక్కలు చుక్కలుగా భర్త పేరు కొట్టించింది. అన్నం గిన్నె మీద కూడా పేరు ఉండాలనుకునే మనుషులను చూసి నాకప్పుడు నవ్వొచ్చింది.

ఆమె భర్త కనకయ్య బస్సు కండక్టరు. పదకొండేళ్లపాటు రోజూ మధ్యాహ్నం ఆమె నన్ను పట్టుకొని బస్టాండుకు వచ్చేది. ఆ రోజు కూడా వచ్చింది. ఒకడు సిమెంటు బెంచీ కింద సంచి పెట్టి, ఆమె వంక ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఎడమ కనుబొమ్మ తెగి అతుక్కున్న మనిషి. ఆమె నన్ను భర్త చేతికిచ్చి, సీసాలో నీళ్లు పట్టడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. కనకయ్య ఆ బెంచీ మీదే కూర్చొని నా మూత తీశాడు.

ఆ పేలుడులో తొమ్మిది మంది పోయారు. కనకయ్య వాళ్లలో ఒకడు. నా అడుగు గిన్నెకు పిడికిలంత రంధ్రం పడింది. పోలీసులు నన్ను ఏరి, సంచిలో వేసి సీలు పెట్టారు.

ముగ్గురిని పట్టుకున్నారు. కేసు ఆరేళ్లు నడిచాక బాలమణి సాక్ష్యం రోజు వచ్చింది. కానిస్టేబులు నన్ను ఒళ్లో పెట్టుకొని కోర్టు వరండాలో కూర్చున్నాడు. పక్కనే బాలమణి, ఆమె మరిది రాజలింగం.

“వదినె, ముగ్గుర్నీ సూసిన అని చెప్పు,” అన్నాడు రాజలింగం. “వాళ్లు మన మీద యుద్ధం జేసిండ్రు. యుద్ధంల ఎవడు పెట్టిండు, ఎవడు పెట్టలే అని అడుగుతరా?”

బాలమణి కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

“యుద్ధమైతే మీ అన్న సిపాయి గావాలె గద. ఆయన అన్నం తినుకుంట కూసున్నడు, రాజలింగం. అన్నం తినేటోన్ని సంపితే ఖూనీ అంటరు.”

లోపల నన్ను బల్ల మీద పెట్టారు. ఎవరిదని అడిగితే ఆమె నా మూత మీది చుక్కలను వేలితో తడిమింది. “మా ఆయనది. పేరు నేనే కొట్టిచ్చిన.”

మొదటి ముద్దాయిని చూపిస్తే తడుముకోలేదు. “ఈయనే సంచి పెట్టింది. కనుబొమ్మ జూడుండ్రి.” రెండోవాడిని తను చూడలేదంది. వాడి మీద వేరే సాక్షులున్నారు. మూడో అతని మీద మాత్రం ఆమె తప్ప వేరే సాక్షి లేదు. అతను తల ఎత్తలేదు. అతని తరఫున వాదించడానికి సర్కారే పెట్టించిన వకీలు పక్కన నిలబడ్డాడు.

“ఇతన్ని చూశారా?” అడిగాడు పోలీసుల తరఫు వకీలు.

గుమ్మం దగ్గర రాజలింగం ఆమె వైపే చూస్తున్నాడు. ఆమె బోను కమ్మీ పట్టుకుంది.

“సూడలే సార్.”

“బాగా గుర్తు చేసుకోండమ్మా.”

“ఆరేండ్ల సంది కండ్లు మూస్తే గా బెంచీ తప్ప ఇంకోటి కనవడది. గీ మనిషి ఆడ లేడు.”

జడ్జిగారు ఆ మాట నిదానంగా చెప్పి టైపు చేయించారు. బస్టాండు పైకప్పు గాలిలోకి లేవడం నేను చూశాను. అంతకంటే పెద్దది ఇక చూడనేమో అనుకున్నాను. తొమ్మిది చావుల బరువున్న ఆ గది మొత్తం ఒక కండక్టరు భార్య చెప్పే ఒక్క మాట కోసం ఊపిరి బిగబట్టి ఆగింది. ఆమె దుఃఖంతో కాలిపోతూ కూడా ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పింది. రేకుతో చేసిన నాకే ఒళ్లు జలదరించింది.

మొదటి ఇద్దరికీ యావజ్జీవం పడింది. మూడో అతను ఇంటికి వెళ్లిపోయాడు. రాజలింగం ఏడాదిపాటు వదినెతో మాట్లాడలేదని, ఆమె నన్ను తిరిగి ఇమ్మని అడగడానికి కోర్టుకు వచ్చిన రోజు వాళ్ల మాటల్లో తెలిసింది. ఆ రోజు అతనూ వెంట వచ్చాడు. అప్పీలు తేలేదాకా ఇవ్వలేమన్నాడు గుమస్తా. రాజలింగం నన్ను అందుకొని తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

“వదినె, వాడు నిజంగనే ఆడ లేడా?”

“లేడు.”

“అయితే మంచిదే జేసినవ్.”

నన్నిప్పుడు కోర్టు సామాన్ల గదిలో ఒక అల్మారాలో ఉంచారు. ఒక పక్కన కోళ్ల దొంగ గంప, ఇంకో పక్కన గట్టు తగాదాలో దొరికిన గొడ్డలి. కింది అరలో ఆ బాంబు గడియారం ముక్క. దాన్ని పెట్టినవాడు ఒక దేశం మీదే యుద్ధానికి దిగాననుకున్నాడు. గుమస్తా మాత్రం దానికీ, గంపకీ ఒకే రకం అట్టముక్క రాసి, ఒకే పురికొసతో కట్టాడు.