ఏడో చిత్తుప్రతి

సమాచారం దాచొద్దని ప్రభుత్వానికి చెప్పాల్సిన పార్లమెంటు కమిటీ, తన నివేదికను ఏడోసారి దిద్దింది. టైపు చేసీ చేసీ టైపిస్టమ్మకు వేళ్లు పడిపోయాయి. నాలుగో పేరా అయితే నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తుంది: "జనం చూడకముందు ఏ కాగితాన్నీ చించరాదు."

మీటింగు అవగానే ఛైర్మన్ గారు ఎప్పటిలాగే పాత ప్రతులన్నీ ఆవిడ చేతిలో పెట్టారు. "చించెయ్యమ్మా."

ఆవిడకు ఒళ్లు మండింది. "మన నాలుగో పేరా ఊరుకోదండీ!"

ఛైర్మన్ గారు కళ్లజోడు సర్దుకుని ఆ పేరా రెండుసార్లు చదివారు.

"నిజమే సుమా! భలే పట్టావు. ఆ పేరా తీసెయ్."

ఆవిడ తీసేసి ఎనిమిదో ప్రతి తెచ్చింది. "మరి ఈ ఏడోది?"

"అందులో ఆ పేరా ఉందిగా తల్లీ, ముందు దాన్నే చించు!"